చిన్న కాలేజీ, దాని చుట్టూ ఉన్న ఊరు: ఏ తలుపు ఏ వేళకు తెరుచుకుంటుందో చూడండి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు మళ్లీ చెబుతాను. సుమారు పన్నెండు వందల మంది చదివే ఒక కాలేజీలో మీకు సీటు వచ్చింది. రసాయనశాస్త్రం చదవాలనుకుంటున్నారు. కాలేజీ పంపిన పరిచయ పుస్తకంలో కొత్త ఆడిటోరియం, ఈతకొలను, అద్దాల గోడల క్రీడాభవనం బొమ్మలున్నాయి. లైబ్రరీ మాత్రం చిన్నదిగా కనిపించింది. ఊరు కూడా పెద్దదేమీ కాదు. మహానగరానికి రైలులో గంటన్నర. "అంత చిన్నచోట నాలుగేళ్లు ఎలా ఉంటావు" అని ఇంట్లో అంటున్నారు. వసతులు చాలుతాయా, ఊరు చాలుతుందా అన్నది మీ సందేహం.

నేను రెండు చిన్న కాలేజీల్లో కలిపి ఇరవై నాలుగేళ్లు భవనాలు, ల్యాబులు, హాస్టళ్ల నిర్వహణ చూశాను. ఒకటి ఊరి నడిబొడ్డున ఉండేది, రెండోది ఊరు దాటాక చాలా దూరంలో. అర్ధరాత్రి పైపు పగిలినా, పరీక్షల ముందు రోజు లైబ్రరీలో కరెంటు పోయినా ఫోను నాకే వచ్చేది. ఆ అనుభవంతో చెబుతున్నాను. కాలేజీలో ఏమేం ఉన్నాయన్న జాబితా మీకు పెద్దగా ఉపయోగపడదు. ఉన్నది విద్యార్థి చేతికి అందుతుందా, అవసరమైన వేళకు తెరిచి ఉంటుందా, లేనిది ఎక్కడినుంచి ఎంతసేపట్లో వస్తుంది, ఈ మూడూ ఆరా తీయండి. మీ నాలుగేళ్లు ఎలా గడుస్తాయో వాటిమీదే ఆధారపడి ఉంటుంది.

మీ సబ్జెక్టుతోనే మొదలుపెడతాను. పెద్ద విశ్వవిద్యాలయంలో ఖరీదైన యంత్రాలు ఎక్కువే ఉంటాయి, వాటి ముందు వరుస కూడా అంతే పొడవు. ముందు ప్రొఫెసర్ల పరిశోధన, తర్వాత పీహెచ్‌డీ విద్యార్థులు, ఆ తర్వాత పీజీ వారు. డిగ్రీ రెండో ఏడాది విద్యార్థి ఆ యంత్రాన్ని చాలాసార్లు గాజు కిటికీలోంచి చూసి సరిపెట్టుకోవాలి. చిన్న కాలేజీలో యంత్రం ఒక్కటే ఉండవచ్చు, పాతది కూడా కావచ్చు, కానీ మీకు ముందు వరుసలో ఎవరూ ఉండరు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ అమెరికాలో పోర్ట్‌ల్యాండ్ నగరంలోని రీడ్ కాలేజీ. అది డిగ్రీ చదువుల మీదే నడిచే చిన్న సంస్థ. అయినా 1968 నుంచి అక్కడ పరిశోధనలకు వాడే చిన్న అణు రియాక్టర్ ఒకటి పనిచేస్తోంది. దాన్ని నడిపేవారిలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే. నెలల తరబడి శిక్షణ తీసుకుని, ప్రభుత్వ అణు నియంత్రణ సంస్థ పెట్టే పరీక్షలో నెగ్గి, లైసెన్సు తెచ్చుకున్నాకే ఆ కుర్చీలో కూర్చుంటారు. భౌతికశాస్త్రం చదివేవారికే ఆ అవకాశం అన్న నియమం కూడా లేదు. రియాక్టర్ ఉండటం ఒక ఎత్తయితే, పంతొమ్మిదేళ్ల విద్యార్థిని నమ్మి దాన్ని అప్పగించడం మరో ఎత్తు. నా దృష్టిలో అసలు వసతి ఆ రెండోదే.

దీనికి పూర్తి భిన్నమైనది నేనే చూశాను. నేను పనిచేసిన ఒక చోట రసాయన విశ్లేషణ చేసే మంచి యంత్రం తెప్పించారు. ఏడాది తిరగకముందే దాన్ని నడపగల టెక్నీషియన్ ఉద్యోగం మానేశాడు. అతని స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. యంత్రం మీద గుడ్డ కప్పారు. కొత్త విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కాలేజీ చూడటానికి వచ్చే రోజున మాత్రం మా సిబ్బంది ఆ గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, దీపం వెలిగించి ఉంచేవారు. ఆ పని చేయించింది నేనే. అది తప్పని అప్పుడే తెలుసు, ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. అందుకే మీకు చెబుతున్నాను: ఏ పెద్ద యంత్రం పక్కనైనా వాడకం రాసుకునే రిజిస్టరు ఉంటుంది. గత నెల పేజీ ఒక్కసారి చూపించమని అడగండి. అందులో విద్యార్థుల సంతకాలు వరుసగా కనబడితే ఆ ల్యాబు బతికి ఉన్నట్టు. పేజీ ఖాళీగా ఉంటే ఆ యంత్రం ఫొటో కోసమే ఉన్నట్టు.

రసాయనశాస్త్రం ల్యాబులో మరో రెండు విషయాలు చూడటానికి రెండు నిమిషాలు చాలు. ప్రమాదకరమైన ఆవిర్లను బయటికి లాగేసే అరను ఫ్యూమ్ హుడ్ అంటారు. దాని నోటి దగ్గర గాలి సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో లోపలికి వెళ్లాలి. పరీక్షించిన తేదీ రాసిన చీటీ దానికి అంటించి ఉండాలి. ఆ వేగాన్ని కొలిచే పరికరం మీ దగ్గర ఉండదు కాబట్టి, పల్చటి కాగితం ముక్కను దాని అంచున పట్టుకుని చూపించమని ల్యాబ్ అసిస్టెంటును అడగండి. కాగితం లోపలికి వంగాలి. రెండోది, కళ్లలో రసాయనం పడితే కడుక్కునే కుళాయి. ప్రమాదం జరిగే చోటు నుంచి పది సెకన్లలో దాన్ని చేరుకోగలగాలి, పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లు రావాలి, వారానికోసారి తిప్పి చూడాలి. నాకు తెలిసిన ఒక ల్యాబులో దాని ముందు పాత అలమర అడ్డం పెట్టారు. కళ్లు మూసుకుని చేరుకోవలసిన చోటది.

ఇక లైబ్రరీ. మీకు అది చిన్నదనిపించింది. ఏ చిన్న కాలేజీ లైబ్రరీ అయినా తన అరల్లో ఉన్న పుస్తకాలతోనే ఎవరి అవసరాన్నీ తీర్చలేదు. ఈ సంగతి కాలేజీలకు ఎప్పుడో తెలుసు. 1923లో కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీ అధ్యక్షుడు జేమ్స్ బ్లైస్‌డెల్ ముందు ఒక చిక్కు నిలిచింది. చేరేవారు పెరుగుతున్నారు, కాలేజీని పెంచితే చిన్నదనం పోతుంది, పెంచకపోతే లైబ్రరీ, ల్యాబులు ఎప్పటికీ అరకొరగానే ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ తరహాలో కొన్ని చిన్న కాలేజీలను పక్కపక్కనే పెట్టి, అందరికీ ఉమ్మడిగా ఒక లైబ్రరీ, ఇతర వసతులు ఏర్పాటు చేద్దామని ఆయన ప్రతిపాదించాడు. అదే 1925లో క్లేర్‌మాంట్ కాలేజీల కూటమిగా రూపుదిద్దుకుంది. నేడు అక్కడ ఏడు సంస్థలు ఒకే లైబ్రరీని పంచుకుంటున్నాయి. ఒక కాలేజీ విద్యార్థి పక్క కాలేజీ క్లాసుకు నడిచివెళ్లి కూర్చోవచ్చు. వెయ్యిమంది కూడా లేని కాలేజీలో చదువుతూ పెద్ద విశ్వవిద్యాలయం స్థాయి పుస్తక సంపదను వాడుకోవడం అలాగే సాధ్యమైంది.

పక్కపక్కన లేని కాలేజీలు మరో దారి వెతికాయి. 1967లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కాలేజీలు, విశ్వవిద్యాలయాలు కలిసి ఉమ్మడి కంప్యూటర్ కేంద్రం పెట్టుకున్నాయి. ఏ పుస్తకం ఏ లైబ్రరీలో ఉందో అందరికీ తెలియాలని, ఒకరు సూచీ రాస్తే అందరికీ పనికిరావాలని దాని ఉద్దేశం. 1971లో ఒహాయో విశ్వవిద్యాలయం లైబ్రరీలో మొదటిసారి ఆ పద్ధతిలో సూచీ తయారుచేశారు. ఓసీఎల్‌సీ అన్న సంస్థ నడుపుతున్న, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఉమ్మడి పుస్తక సూచీకి మొదలు అదే. కాబట్టి లైబ్రరీలో ఎన్ని వేల పుస్తకాలున్నాయని అడగకండి. "మీ దగ్గర లేని పుస్తకం అడిగితే ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు? పత్రికా వ్యాసమైతే స్కాన్ చేసి మెయిల్‌లో పంపుతారా? జర్నళ్ల డేటాబేసులు హాస్టల్ గదిలోంచి తెరుచుకుంటాయా, సెలవుల్లో ఇంటినుంచి తెరుచుకుంటాయా?" అని అడగండి. కౌంటరులో కూర్చున్న వ్యక్తి ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెబితే ఆ లైబ్రరీ గదులు ఎంత చిన్నవైనా ఫరవాలేదు.

రాత్రి ఎన్నింటివరకు తెరిచి ఉంటుందన్నది అంతకంటే ముఖ్యం. పగలంతా క్లాసులు, సాయంత్రం ల్యాబులు. విద్యార్థికి చదువుకునే వేళ దొరికేది రాత్రే. నేను చూసిన ఒక లైబ్రరీ సాయంత్రం ఆరింటికే మూసేసేవారు, కారణం కాపలా ఉద్యోగి ఒక్కడే ఉండటం. విద్యార్థులు హాస్టల్ మెట్లమీద కూర్చుని చదివేవారు. రెండో కాలేజీలో అర్ధరాత్రి వరకు ఉంచేవాళ్లం, పరీక్షల నెలలో తెల్లవార్లూ. రెండింటిలో భవనం పెద్దది మొదటిదే.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయానికి వస్తాను: మరమ్మతులు. కొత్త భవనం కట్టడానికి దాతలు ముందుకొస్తారు, శిలాఫలకం మీద పేరుంటుంది. పాత భవనంలో నీటిపైపులు మార్చడానికి ఎవరూ విరాళం ఇవ్వరు. భవనాలను మంచి స్థితిలో ఉంచాలంటే, వాటిని ఇప్పుడు మళ్లీ కడితే అయ్యే ఖర్చులో ఏటా 2 నుంచి 4 శాతం మరమ్మతులకే కేటాయించాలని మా వృత్తిలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. అంటే పాతికనుంచి యాభై ఏళ్లలో భవనం విలువంత సొమ్ము దాని నిర్వహణకే పోతుంది. చిన్న కాలేజీలకు ఆదాయం తక్కువ, విద్యార్థులు ఏ కొంచెం తగ్గినా మొదట కోత పడేది ఈ పద్దులోనే. కోత పడిన ఏడాది ఏమీ తెలియదు. మూడో ఏడాది పైకప్పు కారుతుంది. అయిదో ఏడాది గోడలో తేమ చేరుతుంది. పదో ఏడాది ఆ గది మూసేస్తారు. ఒక కాలేజీలో నేను మూడు బడ్జెట్లలో వరసగా హాస్టల్ పైపుల మార్పిడి అడిగాను, మూడుసార్లూ వాయిదా వేశారు. నాలుగో ఏడాది అదే భవనంలో ఒక అంతస్తు మొత్తం తడిసి, యాభైమందిని రాత్రికి రాత్రి జిమ్‌లో పడుకోబెట్టాం. వాళ్ల పుస్తకాలు ఎండబెట్టడానికి నా సిబ్బంది వారంపాటు పనిచేశారు.

అందువల్ల మీరు కాలేజీకి వెళ్లినప్పుడు కొత్త ఆడిటోరియం చూపిస్తామంటే మర్యాదకు చూడండి, ఆ తర్వాత అన్నిటికంటే పాత భవనం ఏదో అడిగి అక్కడికి వెళ్లండి. పై అంతస్తులో చివరి మరుగుదొడ్డి చూడండి. కప్పు మూలల్లో పసుపు మరకలున్నాయా చూడండి. నోటీసు బోర్డు మీద కాగితాల తేదీలు చదవండి. లిఫ్టు ఎక్కండి, మీకు అవసరం లేకపోయినా ఎక్కండి. లిఫ్టు చెడి నెలలు గడిచినా పట్టించుకోని చోట, చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి ఆ భవనంలో క్లాసు లేనట్టే. ఆ ఒక్క విద్యార్థిని మర్చిపోయిన సంస్థ రేపు మిమ్మల్నీ మర్చిపోగలదు. తర్వాత హాస్టల్లో ఎవరినైనా ఒకే ఒక్క మాట అడగండి: "కుళాయి పాడైతే ఎవరికి చెబుతారు, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు?" జవాబు "రెండు రోజులు" అయితే మంచి కాలేజీ. "ఎవరికి చెప్పాలో తెలియదు" అంటే జాగ్రత్తపడండి.

క్లాసుగదుల సంగతి త్వరగా చెప్పేస్తాను. గాలి ఆడుతుందో లేదో చూడండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 420 పాళ్ల దాకా ఉంటుంది. కిక్కిరిసిన మూసిన గదిలో అది వెయ్యి దాటిందంటే గాలి సరిగా మారడం లేదని లెక్క. మధ్యాహ్నం క్లాసులో సగం మంది ఆవులిస్తుంటే దానికి పాఠం ఒక్కటే కారణం కాకపోవచ్చు. క్రీడాభవనం, ఈతకొలను గురించి నేను చెప్పేది ఒక్కటే: జట్టులో లేని మామూలు విద్యార్థికి అవి ఏ వేళల్లో తెరుస్తారో అడగండి.

హాస్టల్ విషయంలో అందరూ గది వైశాల్యం అడుగుతారు. నేనైతే నిద్ర గురించి అడుగుతాను. పడకగదిలో రాత్రి శబ్దం సగటున 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. రైలు పట్టాల పక్కనో, జనరేటరు వెనుకనో ఉన్న గదిలో అది అసాధ్యం. గది పగలు చూస్తే ఇది తెలియదు, రాత్రి పది తర్వాత చూడాలి.

మంటల హెచ్చరిక గంట గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ అడగరు. 2000 జనవరి 19న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయం హాస్టల్లో తెల్లవారుజామున మంటలు చెలరేగి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, యాభైమందికి పైగా గాయపడ్డారు. గంట మోగింది. కానీ అంతకుముందు అది ఉత్తుత్తిగా ఎన్నోసార్లు మోగి ఉండటంతో చాలామంది లేవలేదు. ఆ భవనంలో కప్పునుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. అదే ఏడాది ఆ రాష్ట్రం హాస్టళ్లన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఈ వార్త చదివాక నేను మా హాస్టళ్లలో ఉత్తుత్తి గంటల లెక్క రాయించడం మొదలుపెట్టాను. నెలకు నాలుగైదుసార్లు మోగే గంటను ఎవరూ నమ్మరు. అది మోగడానికి కారణమైన పాత సెన్సర్లను మార్పించేవరకు నేను నిద్రపోలేదు. మీరు హాస్టల్ విద్యార్థులను అడగండి: "గంట మోగితే మీరు బయటికి వెళతారా?" వాళ్లు నవ్వితే ఆ నవ్వును తేలిగ్గా తీసుకోకండి.

ఇంకో చిన్న జాగ్రత్త. సుదీర్ఘ సెలవుల తర్వాత హాస్టల్‌కు తిరిగొచ్చినప్పుడు స్నానానికి ముందు కుళాయి, షవరు కొన్ని నిమిషాలు పూర్తిగా తెరిచి వదిలేసి, గది బయటికి వచ్చి నిలబడండి. వారాల తరబడి పైపుల్లో కదలకుండా ఉన్న గోరువెచ్చని నీటిలో లీజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, ఆ నీటి తుంపరను పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. వేడినీటి ట్యాంకును 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచడం, తెరిచేముందు పైపులన్నీ పారించడం నిర్వాహకుల బాధ్యత. మంచి కాలేజీలో ఇది మీకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఇక మీ ఇంట్లోవాళ్లు భయపడుతున్న ఊరి సంగతి.

ఊరు చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నలో ఎప్పుడూ ఏదో తప్పిపోతోందని నాకు అనిపిస్తుంది. ఊరు కాలేజీకి ఏమిస్తుంది, ఆ ఇచ్చేదాన్ని అందుకునే తీరిక కాలేజీ మీకిస్తుందా అన్నది అసలు విషయం. దీన్ని చూపడానికి సెయింట్ జాన్స్ కాలేజీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ కాలేజీకి రెండు ప్రాంగణాలు. మొదటిది అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో, 1696 నాటి ఒక పాఠశాలనుంచి ఎదిగింది. రెండోది 1964లో న్యూ మెక్సికో రాజధాని శాంటా ఫేలో తెరిచారు. 1937 నుంచి ఆ కాలేజీలో విద్యార్థులందరికీ ఒకటే పాఠ్యక్రమం: ప్రాచీన గ్రీకుల నాటినుంచి మూలగ్రంథాలు చదవడం, ఉపన్యాసం వినడానికి బదులు బల్ల చుట్టూ కూర్చుని చర్చించడం. రెండు చోట్లా అవే పుస్తకాలు, అదే పద్ధతి. విద్యార్థులు ఒక ప్రాంగణం నుంచి మరోదానికి మారవచ్చు. మారేది ఊరు మాత్రమే.

ఆ మార్పు ఎంత ఉంటుందో చూడండి. అనాపొలిస్‌లో ప్రాంగణం నీటి ఒడ్డున ఉంది, పడవలు ఉంచే షెడ్డు కాలేజీకే ఉంది, పాత ఇటుకల వీధులన్నీ నడిచి తిరగవచ్చు. పక్కనే దేశపు నౌకాదళ అకాడమీ; 1980ల నుంచి ఆ రెండు సంస్థల విద్యార్థుల మధ్య ఏటా వసంతంలో క్రోకే (గడ్డిమీద కర్రసుత్తితో బంతిని కొట్టే ఆట) పోటీ జరుగుతోంది. వాషింగ్టన్ యాభై కిలోమీటర్ల దూరమే, కానీ ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. శాంటా ఫే మరో లోకం. సముద్రమట్టానికి 2,100 మీటర్ల పైన, కొండల అంచున కాలేజీ. కొత్తగా వెళ్లినవారికి మొదటి రోజుల్లో మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది. అక్కడి విద్యార్థులు కొండల్లో దారితప్పినవారిని వెతికి కాపాడే బృందంగా శిక్షణ పొందే సంప్రదాయం ఉంది. అవే పుస్తకాలు చదివినవారిలో ఒకరు తెడ్డు పట్టడం నేర్చుకుంటే, మరొకరు రాత్రివేళ కొండమీద దారి కనిపెట్టడం నేర్చుకున్నారు. రెండూ చిన్న ఊళ్లే. ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు, మీరెలాంటివారో దాన్నిబట్టి ఉంటుంది.

చిన్న ఊళ్లో పెద్దవేమీ ఉండవన్న నమ్మకమూ సరికాదు. మసాచుసెట్స్ కొండల్లో విలియమ్స్ కాలేజీ ఉన్న విలియమ్స్‌టౌన్ నిజంగా చిన్న ఊరు. అక్కడి క్లార్క్ కళాసంస్థలో ప్రసిద్ధ ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్ గీసిన చిత్రాలే ముప్పైకి పైగా ఉన్నాయి. కుట్టుమిషన్ల సంపదకు వారసుడైన స్టెర్లింగ్ క్లార్క్ తన సేకరణకు న్యూయార్క్‌ను వదిలి ఆ మారుమూల ఊరిని ఎంచుకోవడానికి, ఆ కాలేజీతో అతని కుటుంబానికున్న బంధం ఒక కారణం, శీతలయుద్ధ కాలంలో మహానగరాల మీద బాంబు పడుతుందన్న భయం మరో కారణం. 1955లో అది తెరుచుకుంది. చిత్రకళ చదివే విద్యార్థి అక్కడ నడిచివెళ్లి అసలు చిత్రం ముందు గంటసేపు ఒంటరిగా నిలబడవచ్చు. మహానగరంలో ఆ గంట దొరకడం కష్టం.

తీరిక విషయం. కొలరాడో కాలేజీ 1970 నుంచి విద్యార్థికి ఒకసారి ఒకే సబ్జెక్టు చెబుతుంది, మూడున్నర వారాల్లో అది పూర్తిచేసి తర్వాతి దానికి వెళతారు. దానివల్ల భూగర్భశాస్త్రం క్లాసు మొత్తం వారంపాటు పర్వతాల్లో గడిపినా మరో క్లాసు తప్పిపోదు. టైంటేబుల్ మార్చి ఊరిని, కొండలను తరగతిగదిలో కలిపేసుకున్నారు. అదే కొండల పక్కన వారంలో ఆరు రోజులు పొద్దుట ఎనిమిదినుంచి సాయంత్రం అయిదువరకు క్లాసులు పెట్టే కాలేజీ ఉందనుకోండి, ఆ విద్యార్థికి కొండలు కిటికీలో బొమ్మలే.

దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టకండి. స్వార్త్‌మోర్ కాలేజీ ప్రాంగణం అంచునే రైల్వే స్టేషన్ ఉంది. అరగంట అటూఇటూగా ఫిలడెల్ఫియా నడిబొడ్డున దిగవచ్చు. మసాచుసెట్స్‌లో అమ్హర్స్ట్, స్మిత్, మౌంట్ హోలియోక్ లాంటి చిన్న కాలేజీలు, పక్కనున్న రాష్ట్ర విశ్వవిద్యాలయం ఒక కూటమిగా ఉన్నాయి. ఒకచోట చేరిన విద్యార్థి మరోచోట క్లాసు తీసుకోవచ్చు, వాటి మధ్య బస్సులు తిరుగుతాయి. ఆ బస్సులు లేకపోతే ఆ ఒప్పందం కాగితం మీదే ఉండిపోయేది. మీ కాలేజీనుంచి మహానగరానికి గంటన్నర అన్నారు. నాలుగు వివరాలు కనుక్కోండి: కాలేజీ గేటునుంచి స్టేషన్‌కు ఎలా వెళ్లాలి, ఆదివారం రైళ్లు ఎన్ని, తిరుగు రైలు ఆఖరిది ఎన్నింటికి, అది దిగాక హాస్టల్ వరకు దారిలో దీపాలున్నాయా. ఆఖరి రైలు సాయంత్రం ఏడింటికే అయితే మహానగరంలోని సంగీత కచేరీ, సాయంత్రపు ఉపన్యాసం మీకు లేనట్టే. రాత్రి దారిలో దీపాలు లేకపోతే చాలామంది అమ్మాయిలకు రాత్రి అనేదే ఉండదు. లైబ్రరీనుంచి హాస్టల్‌కు వెళ్లే దారికీ ఇదే వర్తిస్తుంది. ఆ దారిలో ఒక దీపం ఆరిపోయిందని విద్యార్థినులు చెబితే మర్నాడు చీకటిపడేలోపు మార్పించడం నా ఉద్యోగంలో నేను పెట్టుకున్న నియమం.

వైద్యం గురించి తప్పకుండా అడగాలి. ప్రాంగణంలో నర్సు ఏ వేళల్లో ఉంటారు, రాత్రి జ్వరం పెరిగితే ఎవరిని లేపాలి, రాత్రివేళ అత్యవసర చికిత్స చేసే ఆస్పత్రి ఎంతసేపట్లో చేరగలం, మందుల దుకాణం నడిచేంత దూరంలో ఉందా. మనసు బాగాలేనప్పుడు మాట్లాడేందుకు కౌన్సెలర్‌ను కలవాలంటే ఎన్ని రోజులు ఆగాలి. చిన్న కాలేజీలో ఒకరిద్దరే కౌన్సెలర్లు ఉంటారు, పరీక్షల ముందు వారం అందరికీ వాళ్లే కావాలి. చిన్నచోట ఒక గొప్ప మేలు ఉంది, మీరు రెండు రోజులు భోజనశాలకు రాకపోతే ఎవరో ఒకరు గమనిస్తారు. అదే చిన్నచోట ఒక కష్టమూ ఉంది, ఒకరితో మాట పట్టింపు వస్తే తప్పించుకోవడానికి వేరే వీధి ఉండదు. ప్రాంగణం దాటి కాసేపు ఎవరూ గుర్తుపట్టని చోట కూర్చోగల ఊరు అప్పుడు మందులా పనిచేస్తుంది. అందుకే గేటునుంచి పది నిమిషాల నడకలో, అంటే సుమారు ఎనిమిది వందల మీటర్లలో, ప్రభుత్వ గ్రంథాలయమో పార్కో కూర్చుని ఒక కప్పు ఏదైనా తాగే చోటో ఉందా అని నేను ఎప్పుడూ చూస్తాను.

మీకు నా సలహా ఇది. మీరు చెప్పినదాన్నిబట్టి ఆ కాలేజీని వదులుకోవడానికి కారణం నాకు కనిపించలేదు. చిన్న లైబ్రరీ, చిన్న ఊరు ఆటంకాలు కావు. కాలేజీవారు పిలిచిన రోజున కాకుండా ఒక మామూలు వారాంతంలో వెళ్లండి. శనివారం పగలు ల్యాబు రిజిస్టరు, పాత భవనం చూడండి. రాత్రి పదింటికి లైబ్రరీ తెరిచి ఉందో చూసి, అక్కడినుంచి హాస్టల్‌కు నడవండి. ఆదివారం ఊళ్లో నడిచి, సాయంత్రం ఆఖరి రైలు ఎక్కి వెనక్కి రండి.

వెళ్లేముందు కాలేజీ ఆఫీసుకు ఫోను చేసి ఒక్క సంగతి రాతపూర్వకంగా తెప్పించుకోండి: దీర్ఘ సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంటుందా, మూస్తే ఏ తేదీనుంచి ఏ తేదీవరకు, ఆ రోజుల్లో ఇంటికి వెళ్లలేని విద్యార్థి ఎక్కడ ఉండాలి. ఏటా సెలవుల మొదటిరోజు ట్రంకుపెట్టెలు పక్కన పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్న పిల్లలను నేను చూశాను. వాళ్లకు ఆ తేదీలు ముందే ఎవరూ చెప్పలేదు.